అదోనీ, తలుపు తియ్యి

మొన్నొక సాయంత్రం మా ఆవిడ నన్ను మాల్‌కి లాక్కుపోయింది. కుక్కరు గాస్కెట్టు కొనడానికి మాల్ దాకా ఎందుకని నేను గొణుగుతూనే ఉన్నాను, ఆవిడ విననట్టే నడుస్తూ ఉంది. మా కాపురమంతా ఇలాగే గడిచింది. తిరుగు ప్రయాణంలో లిఫ్టెక్కి, పార్కింగు బొత్తాం నొక్కి, గోడకి చేరబడ్డాను. తలుపులు మూసుకోబోతుండగా ఒకాయన పరుగెత్తుకొస్తూ కనబడ్డాడు. ఒక చేత్తో చంటిబిడ్డ బండి తోస్తున్నాడు, రెండో చేత్తో నెత్తిమీది టోపీ జారకుండా పట్టుకున్నాడు. నా వంక చూసి "అదోనీ! అదోనీ!" అని కేకేశాడు. తలుపు తెరిచే బొత్తాం నా చేతికి బెత్తెడు దూరంలో ఉంది. నా చెయ్యి కదల్లేదు. తలుపులు ఆయన మొహం మీదే మూసుకున్నాయి. "అదేంటండీ, పాపం పసిబిడ్డతో వస్తుంటే అలా గుడ్లప్పగించి నిలబడ్డారు?" అని మా ఆవిడ చీవాట్లు పెట్టింది. లిఫ్టు దిగుతూ, "ఆదోని ఆదోని అంటున్నాడు, మనిషి చూస్తే కర్నూలు వైపు వాడిలా లేడే!" అని కూడా అంది. నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ఆయన దేశమైన ఇజ్రాయెల్‌కీ, నేనుండే ఈ గల్ఫు దేశానికీ మధ్య విమానాలు తిరుగుతున్నాయి. మాల్‌లో నాలుగడుగులు వేస్తే ఆ భాష చెవిన పడుతుంది. నేను వచ్చిన కొత్తలో అలా కాదు. ఇక్కణ్ణించి ఇజ్రాయెల్‌కి ఫోను కూడా కలిసేది కాదు. అక్కడ తయారైన వస్తువు సబ్బుబిళ్ళయినా సరే, దొరికితే తంటానే. అలాంటి రోజుల్లో, అబూధాబి పక్కన ముసఫ్ఫాలో ఒక కార్ల గ్యారేజీలో స్టోర్‌కీపరుగా పనిచేస్తున్న నా మంచం కింద, ఒక అట్టపెట్టె నిండా ఇజ్రాయెల్ పాటల సీడీలు ఉండేవి. నేను వీరుణ్ణీ కాను, గూఢచారినీ కాను. నాకున్నది పాటల పిచ్చి ఒక్కటే.

ఆ పెట్టె ఇచ్చింది మేమంతా రష్యన్ అని పిలిచే ఒక సర్వేయరు. నిజానికి ఆయన రష్యన్ కాదట, దాని పక్కనున్న ఏదో చిన్న దేశం. కాని గ్యారేజీలో మనిషిని సరైన దేశం పేరుతో పిలవడమనే అలవాటు ఎవరికీ లేదు. తెలుగువాళ్ళమైన మమ్మల్ని అందరూ మలబారీలనే, అంటే కేరళవాళ్ళనే, అనేవాళ్ళు, మా పిన్ని ఆ మాట వింటే భగ్గుమనేది. రష్యన్ గారి అక్క కుటుంబం ఇజ్రాయెల్ వెళ్ళి స్థిరపడింది. మేనల్లుడు అక్కడ చిన్న చిన్న బ్యాండ్లలో గిటారు వాయించేవాడు, నాలుగు తీగలుండే లావు గిటారు. సొంత డబ్బుతో డిస్కులు అచ్చు వేసుకుని చుట్టాలకి పంచుకునే రకం బ్యాండ్లు అవి, ఆ దేశంలోనే వాటి పేరు తెలిసినవాళ్ళు తక్కువట. అక్కగారు కొడుకు మీది ముచ్చటకొద్దీ ప్రతి డిస్కూ తమ్ముడికి చేరవేసేది. ఆయన వాటిని రష్యన్ హార్మనీ పాటల కవర్లలో పెట్టి ఈ దేశంలోకి తెచ్చుకున్నాడు. కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోతూ, తన సీడీ ప్లేయరు నేను బాగుచేసి పెట్టానన్న అభిమానంతో పెట్టె మొత్తం నా చేతిలో పెట్టాడు. "విను, కాని బయట పెట్టకు" అని వేలు చూపించి మరీ చెప్పాడు. నేను తలూపాను. తలూపడంలో నాకు మంచి అనుభవం ఉంది.

కవర్లు ఒకటీ లోపలి డిస్కు ఒకటీ కావడం వల్లా, ఆ చదరపు అక్షరాలు నాకు రాకపోవడం వల్లా, ఆల్బమ్‌లకి నేనే పేర్లు పెట్టుకున్నాను. ఒకటి దగ్గు బ్యాండు. ఆ పాడేవాడు ప్రతి పాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు, రికార్డింగులో దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. కొన్నాళ్ళకి నాకు పాటకన్నా ఆ దగ్గే ఇష్టమయింది. ఇంకొకటి రేకుల బ్యాండు, డ్రమ్ము వాయించేవాడు రేకుల షెడ్డు మీద వడగళ్ళు కురిసినట్టు వాయిస్తాడు, పాడేవాడి గొంతు ఆ రొదలో ఎక్కడో తడబడుతూ ఉంటుంది. ఇంకో డిస్కుకి వంటింటి అమ్మాయి అని పేరు పెట్టాను. ఒక్క గిటారు, ఒక సన్నటి గొంతు, మధ్యలో గిన్నె చప్పుడు. పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని ఒక కన్ను అటు వేసి పాడుతున్నట్టు ఉంటుంది. ఫిడేలూ డప్పూ కలిసి మోగే ఇంకొకదానికి సగం పెళ్ళి అని పేరు, ఎందుకంటే అన్ని పాటలూ ఊరేగింపులా మొదలై, మధ్యలో ఎవరో పెళ్ళి ఆపేసినట్టు టక్కున ఆగిపోతాయి. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అనే మన సినిమా పాటల క్రమశిక్షణ మీద పెరిగిన నాకు మొదట్లో అదంతా తలతిక్కగా ఉండేది. వినగా వినగా అన్నిటి అడుగునా ఒకే లావు తీగ మోత వినబడసాగింది. అది మేనల్లుడి చెయ్యి. ఎన్నడూ చూడని ఆ కుర్రాడు, బ్యాండు మారినా తాను మారకుండా, ఆ పెట్టెలో నాకు చుట్టమైపోయాడు.

రష్యన్ చెప్పిన మాట నేను బాగానే నిలబెట్టుకునేవాణ్ణేమో, మా పిన్ని లేకపోతే. మా అమ్మ చెల్లెలు, రాజోలు దగ్గర మనిషి, అబూధాబిలో ఒక అరబ్బుల ఇంట్లో వంటా పిల్లల పనీ చూసేది. శుక్రవారం మధ్యాహ్నం సెలవు కోసం మదామ్‌తో, అంటే ఆ ఇంటి యజమానురాలితో, పోట్లాడి సాధించుకున్న ఘనురాలు. ఆ సెలవు పూట ముసఫ్ఫా వచ్చి, మా గోదావరి జిల్లాల ఆడవాళ్ళనీ లేబరు క్యాంపుల్లోని మగపిల్లల్నీ పోగుచేసి ప్రార్థన పెట్టేది. చర్చి కాంపౌండులో తెలుగువాళ్ళకిచ్చే టైము ఆవిడ సెలవుతో కుదిరేది కాదు. ఇక్కడ అప్పట్లో సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారాలన్నీ శుక్రవారమే వచ్చేవి. మంచి శుక్రవారం శుక్రవారమే వచ్చేది కనుక దానితో గొడవ లేదు, మట్టల ఆదివారం కూడా శుక్రవారమే రావడం మాత్రం కొత్తగా వచ్చినవాళ్ళకి మింగుడుపడేది కాదు. ప్రార్థన జరిగేది మా గ్యారేజీ మేడమీద, పాత సీట్లూ బంపర్లూ పడేసే గదిలో. ఆ గది ఇప్పించింది మా ముదీర్. ముదీర్ అంటే మేనేజరు, ఆయన్ని అందరూ ఆ మాటతోనే పిలిచేవాళ్ళం.

ముదీర్ గాజా మనిషి. తెల్లటి మీసం, మోకాళ్ళ నొప్పి, ఎప్పుడూ జేబులో పుదీనా బిళ్ళలు. ప్రార్థనకి చోటు లేదని పిన్ని వాపోతే, మా అందరి వీసాలూ చేతిలో ఉన్న యజమాని కఫీల్‌కి చెప్పకుండా, మారుమాట లేకుండా గది తాళం తీసిచ్చాడు. "దేవుడి పని, మాఫీ ముష్కిల్" అన్నాడు. ఏమీ ఇబ్బంది లేదని అర్థం. ఆయన పాలస్తీనా వాడని మాకు తెలియకపోలేదు. కాని పాలస్తీనా అంటే మాకు బైబిలు చివర రంగుల మ్యాపులో ఉండే పేరు. పిన్నికైతే పాలస్తీనా వాళ్ళకీ, బైబిల్లో ఇశ్రాయేలుతో పోట్లాడే ఫిలిష్తీయులకీ తేడా తెలియదు. "మీది గాజాయా? సమ్సోను రాత్రికి రాత్రి ఊరి తలుపులు పెరుక్కుపోయాడే, ఆ గాజాయేనా?" అని ఆయన్ని ఆనందంగా అడిగింది. నేను ఆయనకొచ్చిన గ్యారేజీ హిందీలోకి మార్చి చెప్పాను. ఆయన నవ్వి, "అదే సిస్టర్. ఆ తలుపులు మళ్ళీ ఎవరూ బిగించలేదు" అన్నాడు. మేమంతా హాయిగా నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

ఒక శుక్రవారం పిన్ని తొందరగా వచ్చి, నా గదిలో టీ తాగుతూ, ప్లేయరులో నడుస్తున్న దగ్గు బ్యాండు వింది. గ్లాసు కింద పెట్టేసింది. "ఒరే అబ్బాయ్, ఇదేం భాష?" అంది. ఆవిడ దగ్గర అబద్ధం నిలవదు, ఇశ్రాయేలు వాళ్ళదని చెప్పాను. ఇక చూడండి! పిన్ని కళ్ళు చెమర్చాయి, నెత్తిమీద కొంగు కప్పుకుంది. "యేసుప్రభువు మాట్లాడిన భాషరా! దావీదు పాడిన భాషరా! మంచం కింద పెట్టుకుని కూర్చున్నావేరా పాపిష్టోడా!" అని నా వీపు మీద ఒకటిచ్చింది. ఇవి భక్తిపాటలు కావేమో పిన్నీ, హల్లెలూయా అని ఎక్కడా రాలేదు అని నసిగాను. సరిగ్గా అప్పుడే ఆ పాట వచ్చింది. దగ్గుతాడు, గిటారు రెండుసార్లు మోగుతుంది, ఇక "అదోనీ, అదోనీ" అని బతిమాలడం మొదలుపెడతాడు. "వినబడట్లేదేంట్రా? అదోనాయ్ అంటున్నాడు. ప్రభువా, ప్రభువా అని ఎంత వేదనగా పిలుస్తున్నాడో చూడు" అంది పిన్ని. అదోనాయ్ అంటే ప్రభువని మా చర్చిల్లో చిన్నపిల్లలకీ తెలుసు. అదోనాయ్‌కీ అదోనీకీ ఆఖరి అక్షరంలో తేడా ఉందని నాకు వినబడింది కూడా. పలుకుబడి తేడా అనుకున్నాను. లేదు, అలా అనుకోవడం నాకు బాగుంది. ఏళ్ళ తరబడి నేనొక్కణ్ణే విన్న పాటని ఇంకొకరు కన్నీళ్ళతో వింటుంటే కాదనబుద్ధి కాలేదు.

యెరూషలేములోకి వచ్చే యేసుకి జనం మట్టలూపి ఎదురెళ్ళిన పండుగ మట్టల ఆదివారం, దానికి ఆ పాట తయారైపోయింది. నేను క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చాను, పిన్ని దానికి తెలుగు మాటలు కట్టింది. "అదోనీ అదోనీ, తలుపు తియ్యి తండ్రీ" అని పల్లవి. యెరూషలేము గుమ్మాల దగ్గర జనం నిలబడి వేడుకోవడం చరణాలు, చివరి చరణంలో తలుపులు తెరుచుకుంటాయి. ఆ తలుపు సంగతి ఎలా తట్టిందని అడిగితే, గొంతు వింటేనే తెలుస్తోందిరా, వాడు బయట నిలబడిపోయాడు అంది. బయట పెట్టకన్న రష్యన్ మాట నాకు గుర్తు రాలేదని చెప్పలేను. క్యాసెట్టు మీద ఏమీ రాయలేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆ శుక్రవారం పక్క వీధిలో నరికి పడేసిన ఖర్జూరపు మట్టలు మోపు కట్టి తెచ్చాం. గదిలో ఏసీ పాడైపోయింది, కిటికీలు బార్లా తెరిచాం. క్యాసెట్టు పెట్టి, దానితో కలిసి మట్టలూపుతూ అందరం ఎత్తుకున్నాం. ఆ పాట అంతమంది గొంతుల్లో వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. రెండో చరణంలో ఉండగా కింద కంప్రెసరు మోగింది. టైర్లకి గాలి కొట్టే పెద్ద కంప్రెసరు, అది మోగితే మేడ మీద గచ్చు అదురుతుంది. సెలవు రోజు ఎవరి బండి వచ్చిందబ్బా అనుకుని మేం గొంతు పెంచాం. కింద గ్రైండరు కూడా అందుకుంది. మా ఆడవాళ్ళ మొహాలు మారాయి. "ఎంతైనా మన ప్రభువంటే వాళ్ళకి పడదు" అని ఎవరో అననే అన్నారు. పిన్ని పాట ఆపలేదు. పాడుతూనే, చేతిలో మట్టతో, మెట్లు దిగి వెళ్ళింది. ఆవిడ కోపం సంగతి తెలిసిన నేను వెనకే పరుగెత్తాను.

గ్యారేజీ ఖాళీగా ఉంది. బండీ లేదు, మెకానిక్కూ లేడు. ముదీర్ ఒక్కడే కంప్రెసరు పక్కన స్టూలు మీద కూర్చుని, ఒక పనికిరాని ఇనప ముక్క మీద గ్రైండరు ఆడిస్తున్నాడు. "ముదీర్! యే క్యా హై? ఉధర్ గాడ్ కా గానా, ఇధర్ తుమ్హారా ఘర్ ఘర్! షరమ్ నహీ?" అని పిన్ని తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో అరిచి, ఆయన మొహం మీద మట్ట ఝళిపించింది. పైన దేవుడి పాట, ఇక్కడ నీ గరగర, సిగ్గు లేదా అని అడిగింది, ఆయన్ని! ఆయన గ్రైండరు కింద పెట్టి, "షువయ్యా, షువయ్యా సిస్టర్" అన్నాడు, నెమ్మది నెమ్మది అని. కంప్రెసరు మాత్రం ఆపలేదు. గేటు వైపు కళ్ళతో చూపించాడు. పక్క టైర్ల షాపు మనుషులు ఇద్దరు గేటు దగ్గర నిలబడి మా కిటికీల వైపు చూస్తున్నారు. వాళ్ళూ ఆయన దేశం వాళ్ళే. "ఇదేం పాటని అడిగారు. మలబారీ పాట అని చెప్పాను. నమ్మినట్టు లేదు" అన్నాడు. మలబారీ అంటే మండిపడే పిన్ని ఈసారి చేతిలో మట్ట దించింది. పైనుంచి పాట ఇంకా వస్తూనే ఉంది. నేను పరుగున వెళ్ళి టేపు ఆపి, కిటికీలు మూసి వచ్చాను. వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు, కంప్రెసరు ఆగిపోయింది, ఆయన పిన్నికి స్టూలిచ్చి తాను టైరు మీద కూర్చున్నాడు.

"ఆ భాష నీకు తెలుసా సిస్టర్?" అని అడిగాడు. పిన్ని ఇంకా బింకంగానే, "దేవుడి భాష" అంది. "నాకు తెలుసు. కుర్రతనంలో వాళ్ళ ఊళ్ళలో గచ్చురాళ్ళు పరిచాను. తెల్లవారకముందే సరిహద్దు గేటు దగ్గరికి వెళ్ళి లైన్లో నిలబడేవాణ్ణి. తుపాకీ పట్టుకుని ఒక కుర్రాడు ఉండేవాడు, మా తమ్ముడి వయసు వాడు. నా కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూసేవాడు. అదోనీ, అదోనీ అనేవాణ్ణి." పిన్ని అయోమయంగా నా వంక చూసి, మళ్ళీ ఆయన్ని అడిగింది, "ప్రభువా అనేవాళ్ళా మీరు, వాణ్ణి?" ఆయనకి నవ్వొచ్చింది. "సార్ అనేవాణ్ణి. అదోనీ అంటే సార్. అంతే. మీరు పాడేది బస్సు పాట. వాడు దిగాల్సిన స్టాపు దాటిపోతోంది, సార్ తలుపు తియ్యండి, సార్ తలుపు తియ్యండి అని డ్రైవర్ని బతిమాలుతున్నాడు. మంచి పాటే. కుర్రాడు బాగా పాడాడు, వాడి తప్పేం లేదు. నాకే ఆ మాట వింటే కాళ్ళు వాటంతటవే లైన్లో నిలబడతాయి." ఆ చివరి మాట అంటూ ఆయన మోకాలు రాసుకున్నాడు.

నేను హిందీ నుంచి తెలుగులోకి చెబుతున్నాను కనుక ఆ మాటలన్నీ నా నోటితోనే పిన్నికి చెప్పాల్సి వచ్చింది. పిన్నేమో రోజంతా మదామ్, మదామ్ అని తిరిగే మనిషి. నేను ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ సార్ అనేవాణ్ణి, తోటలో నీళ్ళు పెట్టే బంగ్లాదేశ్ అతన్ని కూడా పొరపాటున ఒకసారి సార్ అన్నాను. ఆ మాటకి రాగం కట్టి, కన్నీళ్ళు పెట్టుకుని, మట్టలూపుతూ, ఆయన నెత్తిమీదే నిలబడి పాడాం. అది చాలనట్టు, వేరే సంగతి ఇంకా ఉంది. మాకు వీసా క్యాన్సిల్ కొడితే టికెట్టు చేతిలో పెట్టి హైదరాబాదు విమానం ఎక్కిస్తారు, ఏడుస్తూ అయినా ఇంటికే పోతాం. ఆయన దగ్గర ఉన్నది పాస్‌పోర్టు కాదు, ట్రావెల్ డాక్యుమెంటు. ఆయన్ని పొమ్మంటే పంపడానికి ఊరు లేదు. ఆయన నడిపే గ్యారేజీలోంచి, ఆయనిచ్చిన గదిలోంచి, ఆ భాషలో పాట వస్తోందని ఎవరైనా ఒక్క మాట పైకి చేరవేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. పెట్టె చేతికిచ్చిన రోజునుంచీ తెలుసు. భూమి చీలితే బాగుణ్ణనిపించింది. ఆ నిలబడ్డ చోట నా చేతిలో కూడా మట్ట ఉంది, దాన్ని ఎక్కడ పడెయ్యాలో తెలియక వీపు వెనక దాచుకున్నాను.

ఆ తర్వాతి శుక్రవారం పిన్ని రాలేదు. ఫోన్ చేస్తే, "ఏ మొహం పెట్టుకుని రాను? నాకు మొహం చెల్లట్లేదురా అబ్బాయ్" అంది. ఆయన ఏమీ అనుకోలేదు పిన్నీ అన్నాను. "అనుకోలేదు కాబట్టే కదరా. నాలుగు తిట్టుంటే వచ్చేద్దును" అంది. పెద్దావిడ రాకపోతే మిగతావాళ్ళూ రాలేదు, ఇంకెక్కడో సర్దుకున్నారు. ముదీర్ మాత్రం ప్రతి శుక్రవారం మేడమీది గది తెరిపించి, ఊడిపించి, చాపలు పరిపించేవాడు. ఏసీ కూడా బాగుచేయించాడు. "ఫ్రైడే వాళ్ళు ఏరి? సిస్టర్‌కి నా మీద కోపమా? ఖలాస్, కంప్రెసరు ముట్టుకోనని చెప్పు" అనేవాడు. ఆయన మా మీద కోపగించలేదు సరే, మేమే ఆయన మీద అలిగామని అనుకుంటున్నాడు! మొహం చెల్లకపోవడమనే సంగతి నా క్యాంపు హిందీలో ఎలా చెప్పాలో తెలియలేదు. "మదామ్ ఛుట్టీ నహీ దేతీ" అన్నాను, మదామ్ సెలవివ్వడం లేదని. ఆ అబద్ధాన్నే వారం వారం ఉతికి ఆరేశాను.

విచిత్రమేమిటంటే, ఆ ఖాళీ శుక్రవారాల్లోనే నా పెట్టె నాకు తెరుచుకుంది. పాట అడిగింది ఆయనే. రిపేరుకొచ్చిన కారు ఏదైనా మంచి సీడీ ప్లేయరున్నది చూసి, అద్దాలెత్తి, ఏసీ వేసుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం. పుదీనా బిళ్ళ నోట్లో వేసుకుని ఆయన ఒక్కో పాటా విప్పి చెప్పేవాడు. వంటింటి అమ్మాయి పాడేది పాలు, సబ్బు, ఉల్లిపాయలు, అమ్మకి మందులు, అన్నీ బజారు నుంచి తేవాల్సినవి. రేకుల బ్యాండువాడు కుక్క పోయిందని ఏడుస్తున్నాడు. సగం పెళ్ళి పాటలు వాళ్ళ తాతలు మొరాకో నుంచి మోసుకొచ్చిన వరసలట, అందులో సగం మాటలు అరబ్బీయేనని చెప్పి ఆయన తొడమీద తాళం వేశాడు. "ఆ ఊళ్ళో రేడియో పెట్టుకుని గచ్చు పరిచేవాళ్ళం, మేస్త్రీ కూడా వాళ్ళవాడే, మంచివాడు" అని ఒకసారి అన్నాడు. అలా ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో. ప్రతిసారీ కారు దిగేటప్పుడు మేడ మెట్ల వైపు ఒకసారి చూసేవాడు. అప్పుడైనా నోరు విప్పి, మీ మీద కోపం కాదు ముదీర్, సిగ్గు, అని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. పాటలకి అర్థం చెప్పించుకోవడానికి లేని మొహమాటం, ఆ ముక్క చెప్పడానికి వచ్చిపడింది నాకు.

తర్వాత గ్యారేజీ చేతులు మారింది. ఆయన కొడుకు స్వీడన్‌లో కాగితాలు సంపాదించి తండ్రిని పిలిపించుకున్నాడు. వెళ్ళే ముందు స్టోరుకొచ్చి, కౌంటరు మీద మోచేతులానించి, "మీ పిన్ని కట్టిన పాటలో చివరికి తలుపు తీస్తారా?" అని అడిగాడు. తీస్తారు, చివరి చరణంలో అన్నాను. "బస్సు పాటలో తియ్యరు. మీదే మంచి పాట" అన్నాడు. అని, "ఆ రోజు మీరు చివరి దాకా పాడలేదు కదా, నా కంప్రెసరు గోలలో. సిస్టర్‌ని నా తరపున మాఫీ అడిగానని చెప్పు" అన్నాడు. క్షమాపణ ఆయన చెప్పాడు, మాకు! నేను తలూపాను. ఇప్పుడు గాజా పేరు వార్తల్లో వస్తే, నాకు ఛానెలు మార్చేసే అలవాటుంది. మా ఆవిడ నాకు రాజకీయాలు గిట్టవనుకుంటుంది.

మాల్ నుంచి వచ్చాక బీరువా మీంచి పెట్టె దించాను. ఇప్పుడు కిటికీలు తెరుచుకుని వినొచ్చు, అడిగేవాడు లేడు. దగ్గు బ్యాండు పెట్టాను. వాడు గొంతు సవరించుకునేసరికి ఆపేశాను. పిన్నికి ఫోన్ చేశాను. ఆవిడ రాజోలు వెళ్ళిపోయి చాలాకాలమైంది, ఇప్పటికీ మట్టల ఆదివారానికి పాటలు కడుతుంది, ఆ ఒక్క వరస మాత్రం మళ్ళీ ముట్టలేదు. ముదీర్ చివరి మాట ఆవిడకి ఇన్నేళ్ళూ చెప్పలేదు, అది కూడా ఇప్పుడే చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. మాట మారుద్దామని, "ఇవాళ చంటిబిడ్డ బండి తోసుకుంటూ ఒకాయన నన్ను అదోనీ అని పిలిచాడు పిన్నీ, లిఫ్టు దగ్గర" అన్నాను.

"నిన్నా? సార్ అనా?" అంది. "మరి తీశావా తలుపు?" అని అడిగింది.

"లేదు పిన్నీ. మూసుకుపోయింది."

"చేతులు పడిపోయాయేంట్రా? చంటిబిడ్డ కూడా ఉందంటున్నావ్!" అని ముదీర్ మీద ఝళిపించిన ఆ మట్టే నా మీద ఝళిపించినట్టు అరిచి, ఫోన్ పెట్టేసింది. నేను చాలాసేపు ఆ బెత్తెడు దూరం గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. చెప్పుకోవాల్సిన మాట చెప్పడానికి నాకు ఒకప్పుడు కాలం శుక్రవారాలకి శుక్రవారాలే ఇచ్చింది, ఈసారి ఒక బొత్తాం నొక్కడానికి లిఫ్టు తలుపు మూసుకునేంత సేపే ఇచ్చింది.